చెప్పి పోయేవి, చెప్పకుండా పోయేవి

నాకు పన్నెండేళ్లప్పుడు, అరకు నుంచి విశాఖ వైపు అనంతగిరి ఘాట్ దిగుతుండగా, మా నాన్న తొక్కిన బ్రేక్ పెడల్ నేలదాకా దిగిపోయింది. బండి ఆగలేదు. వెనక సీట్లో అమ్మ, పిన్ని, నేను, అమ్మ ఒళ్లో చెల్లెలు. నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. గేరు రెండులోకి, ఆ తర్వాత ఒకటిలోకి దించారు. హ్యాండ్‌బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ బండిని కొండవైపు కాలవలోకి ఒరిగించి ఆపారు. ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. అరగంటసేపు చెట్టు కింద కూర్చున్నాం. నాన్న మళ్లీ ఎక్కి పెడల్ తొక్కితే రాయిలా గట్టిగా ఉంది. ఏమీ జరగనట్టే ఉంది. అమ్మ నూటొక్క కొబ్బరికాయలు మొక్కుకుంది. అందరం ఎక్కి ఇంటికి వచ్చేశాం.

ఆ బండి 1977 నాటి అంబాసిడర్, మార్క్ 3. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మర్నాడు నాన్న దాన్ని మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. ఆయన మాస్టర్ సిలిండర్ మూత విప్పి చూసి, "బాబుగారూ, ఈ ఆయిల్ ఎప్పుడు మార్చారు?" అని అడిగారు. నాన్నకు గుర్తు లేదు. తగ్గినప్పుడల్లా పోయడమే గానీ మొత్తం తీసి మార్చిందే లేదు. సీసాలోకి దింపితే నిలవున్న డికాషన్ రంగులో వచ్చింది.

బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె జాతిది కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలో తేమను పీల్చుకోవడం దాని గుణం. మూత సరిగ్గా బిగించని డబ్బాలో ఉన్నా పీలుస్తుంది, బండిలో రబ్బరు గొట్టాల గోడల్లోంచి కూడా నెమ్మదిగా పీలుస్తుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ లోపు మరగకూడదని ప్రమాణం. అందులో నూటికి 3.7 వంతుల నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. ఘాట్‌లో బ్రేక్ మీద కాలు తీయకుండా దిగితే డ్రమ్ములు కాలిపోతాయి. ఆ వేడి వీల్ సిలిండర్లకు ఎక్కి, లోపలి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలవుతుంది. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. నాన్న కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోయింది. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైంది, పెడల్ గట్టిపడింది. ఏ మేస్త్రికీ చూపించకుండా ఊరుకుని ఉంటే, మళ్లీ ఘాట్ ఎక్కిన రోజున అదే జరిగేది.

ఆ రోజు మేస్త్రి అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "బాబుగారూ, బండిలో కొన్ని సామాన్లు చెప్పి పోతాయి, కొన్ని చెప్పకుండా పోతాయి. చెప్పకుండా పోయేవాటికి నేను అతుకు వేయను."

పాత బండిని ప్రేమించేవాళ్లు తేల్చుకోవాల్సిన విషయమంతా ఈ మాటలో ఉంది. మనం సాధారణంగా అడిగే ప్రశ్న వేరు. "ఇది రిపేరు అవుతుందా?" అని అడుగుతాం. మన ఆటోనగర్లలో ఆ ప్రశ్నకు కాదనే జవాబు రాదు. లేత్ ఉంది, వెల్డింగ్ ఉంది, చేయి తిరిగిన పనివాళ్లున్నారు, ఏదైనా అవుతుంది. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి: ఇది పోతే ఎలా పోతుంది? పోయే ముందు నాకేమైనా తెలుస్తుందా?

క్లచ్ ప్లేటు అరిగితే వారాల తరబడి జారుతూ చెబుతుంది. కమాన్ కట్టలో ఒక పట్టీ విరిగితే బండి ఒక పక్కకు ఒరిగి చెబుతుంది. డైనమో, రేడియేటర్, కార్బురేటర్ పోతే దారి పక్కన ఆగిపోతాం, అంతే. వీటికి మీ ఇష్టం వచ్చినన్ని అతుకులు వేయించుకోండి. పాత బండి ఉంచుకోవడంలో సగం ఆనందం అక్కడే ఉంది. టై రాడ్ ఎండ్ లోంచి బాల్ ఊడితే మాత్రం ఆ క్షణానికి ముందు స్టీరింగ్ మీ చేతిలో ఉంటుంది, తర్వాత ఉండదు. బ్రేక్ గొట్టం పగిలినా అంతే. పైగా ఆ తరం బండ్లలో బ్రేక్‌కు ఒకటే దారి. ఒకే మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్. ఎక్కడ ఒక్క చోట చిల్లు పడినా నాలుగూ పోతాయి. ఈ కాలపు కార్లలో దారి రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఒకటి పోయినా రెండోది కాస్తయినా పట్టుకుంటుంది. మన పాత బండికి ఆ రెండో దారి లేదు కనుకే మన తీర్పు ఇంకొంచెం కఠినంగా ఉండాలి.

రబ్బరు దగ్గర మొహమాటం వద్దు

కొన్నేళ్ల కిందట నా బండి బ్రేక్ వేసినప్పుడల్లా కుడివైపు లాగేది. వీల్ అలైన్‌మెంట్ అంటూ మూడు నెలలు తిరిగాను. టైర్లు అటూ ఇటూ మార్పించాను. చివరికి మేస్త్రి బాబాయ్ దగ్గరికి వెళ్తే (నాన్న కాలం నాటి మేస్త్రే, నాకు బాబాయ్ అయ్యారు), బండిని జాకీ ఎత్తించి కుడి చక్రం చేత్తో తిప్పి చూశారు. కాలు తీసినా అది బిగుసుకునే ఉంది. రబ్బరు హోస్ ఊడదీసి, బల్ల మీద పెట్టి, హ్యాక్సా బ్లేడుతో నిలువునా చీల్చారు.

పైన నల్లగా, మెత్తగా, ఒక్క పగులు లేకుండా ఉంది. లోపల మాత్రం అగ్గిపుల్ల దూరే దారి కూడా మిగల్లేదు. గోడంతా ఉబ్బిపోయింది. ఒకచోట పొర లేచి చిన్న నాలుకలా వేలాడుతోంది. "చూడు బాబూ, నువ్వు తొక్కినప్పుడు ఆయిల్ ఈ నాలుకను తోసుకుని పోతుంది. కాలు తీసేశాక వెనక్కి రావాలంటే దాన్ని తోసే బలం ఏదీ?" అన్నారు. ఆ ముక్కను నేను అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో డ్రాయర్లో ఉంది.

అందుకే రబ్బరు హోస్ విషయంలో పైకి చూసి తీర్పు చెప్పకండి, పైన కనిపించేది లోపలి కథ కాదు. "ఇన్నాళ్లూ ఆగింది కదా" అనే మాట ఇక్కడ తిరగబడుతుంది. ముప్ఫై ఏళ్లు ఆగిన గొట్టం ముప్ఫై ఏళ్ల ముసలి గొట్టం. నేను అయిదేళ్లకొకసారి అన్ని హోస్‌లూ కలిపి మార్పిస్తాను. ఒక్కటే మార్చి మిగతావి వదిలేయడం తప్పు, అన్నీ ఒకే రోజు పుట్టి ఒకే ఎండలో తిరిగినవే కదా.

సిలిండర్ల లోపలి రబ్బరు కప్పులు కూడా ఇంతే. కిట్ విప్పామంటే కొత్త కిట్ వేయాల్సిందే. "బాగానే ఉందండీ, కడిగి పెట్టేస్తాను" అంటే ఒప్పుకోవద్దు. కడగడంలో ఇంకో ప్రమాదం ఉంది. మన షెడ్లలో ఏది కడగాలన్నా కిరోసినో పెట్రోలో డీజిలో చేతికి వస్తుంది. బ్రేక్ రబ్బరుకు ఆ మూడూ విషమే. నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది. కడగాల్సి వస్తే స్పిరిట్‌తో, లేకపోతే కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి.

మా బంధువుల బండికి ఒకసారి పెళ్లి ప్రయాణంలో డ్రైవరు తెలియక బ్రేక్ డబ్బాలో ఇంజిన్ ఆయిల్ పోశాడు. ఇరవై కిలోమీటర్లు వెళ్లేసరికి నాలుగు చక్రాలూ బిగుసుకుపోయాయి. మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ తిరిగి డబ్బాలోకి రావడానికి సూదిమొనంత రంధ్రం ఒకటుంటుంది. ఉబ్బిన కప్పు దాన్ని మూసేసింది. ఇలా జరిగాక ఆయిల్ ఒక్కటి మారిస్తే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. పైపులన్నీ స్పిరిట్‌తో కడిగి, ఆ వ్యవస్థలో ఉన్న ప్రతి రబ్బరు ముక్కా, హోస్‌లతో సహా, పారేయాలి. ఖర్చు బాధ పెడుతుంది, నిజమే. దీనికి అడ్డదారి లేదు.

గోటితో చేసే పరీక్ష

రబ్బరు దగ్గర ఆలోచన అక్కర్లేదు గానీ, ఇనుము దగ్గర కావాలి. ఇక్కడ మార్చడమే ఎప్పుడూ సరైనదని నేను అనను. వీల్ సిలిండర్ తీసుకోండి. పిస్టన్లు తీసేసి, లోపలి గోడను శుభ్రంగా తుడిచి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. కొన్నిచోట్ల రంగు మారి మచ్చలుంటాయి. చిటికెన వేలు లోపల పెట్టి గోటితో ఆ మచ్చ మీద గీయండి. గోరు జారిపోతే అది మచ్చే. సన్నగా నునుపు చేయించి కొత్త కిట్ వేసుకోవచ్చు. గోరు ఎక్కడైనా పట్టుకుంటే అది గుంట. తుప్పు తిన్న గుంట. ఆ గుంట మీదుగా కప్పు నడిచినప్పుడల్లా కొంచెం ఆయిల్ జారుతుంది, కప్పు అంచు కొంచెం చిరుగుతుంది.

గుంట పోయేదాకా హోనింగ్ చేస్తామంటారు. చేస్తే గుంట పోతుంది, రంధ్రం పెద్దదవుతుంది. కప్పు పాత కొలతదే. అది గోడను పట్టుకోవలసినంతగా పట్టుకోదు. ఇలాంటప్పుడు దారులు రెండే. మంచి సిలిండర్ కొత్తది దొరికితే వేయండి. దొరక్కపోతే, కొలత తెలిసి పని చేసే మెషిన్ షాపులో లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ వేయించండి. స్లీవ్ వేసిన సిలిండర్‌లో గోడకు తుప్పు పట్టదు. నా బండి వెనక సిలిండర్లు రెండూ అలాంటివే. రిపేరు అనే మాటను చిన్నచూపు చూడకూడదని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను. పాడైన చోటును పూర్తిగా తీసేసి, తెలిసిన కొలతకు, తెలిసిన లోహంతో మళ్లీ కట్టేది రిపేరు. పాడైన చోటును కప్పేసేది అతుకు.

డ్రమ్ములకూ ఇదే లెక్క. గాళ్లు పడిన డ్రమ్మును లేత్ మీద పట్టించడం తప్పు కాదు, హద్దు దాటనంత వరకు. చాలా డ్రమ్ముల మీద ఎంత వ్యాసం దాకా పట్టించవచ్చో పోత పోసినప్పుడే అంకె వేసి ఉంటుంది. అది దాటితే డ్రమ్ము పలచబడి వేడికి సాగుతుంది. పగులు కనిపించిన డ్రమ్ము మాత్రం చెత్తలోకే, దానికి వెల్డింగ్ లేదు. బ్రేక్ షూలకు కొత్త లైనింగ్ అంటించడం, రివెట్లు కొట్టడం మంచి పనే. ఆయిల్ తాగిన లైనింగ్‌ను పెట్రోల్ పోసి కాల్చి మళ్లీ బిగించడం మాత్రం చేయనివ్వకండి. పైన ఆరినట్టు కనిపిస్తుంది, వేడెక్కగానే లోపలి నూనె పైకి వస్తుంది. లైనింగ్ మారిస్తే అటూ ఇటూ రెండు చక్రాలకూ కలిపి మార్చండి. ఇంకొక్క మాట. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ వాడేవారు. డ్రమ్ములోని ఆ పొడిని కంప్రెసర్ గాలితో ఊదవద్దని మీ మేస్త్రికి చెప్పండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆయన ఊపిరితిత్తులు కూడా మీ బాధ్యతే.

ఇక ఇనుప పైపులు. కారు అడుగున క్లిప్పుల కింద బురద చేరిన చోటే ఇవి తినేస్తాయి, అందుకే క్లిప్పు విప్పకుండా బాగున్నాయని చెప్పకండి. చిల్లు పడితే ఫ్రిజ్ మెకానిక్ దగ్గర రాగి గొట్టం తెచ్చి వేసే అలవాటు ఒకటుంది. చూడ్డానికి అందంగా, వంచడానికి సుఖంగా ఉంటుంది. కానీ ఉత్త రాగి అదురుడికి గట్టిపడి పగులుతుంది. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ఆ పైపులో ఒత్తిడి చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు దాటుతుంది. మీ టైరులో గాలి పాతిక, ముప్ఫై పౌండ్లు. ఆ తేడా ఒకసారి తలచుకోండి. బ్రేకుల కోసమే చేసిన రెండు పొరల ఉక్కు పైపు గానీ, రాగి-నికెల్ మిశ్రమపు పైపు గానీ వేయించండి. కొసను రెండు మడతలుగా ఫ్లేర్ చేయించండి. మధ్యలో ఇత్తడి అతుకు పెట్టడం ఇక్కడ కుదరదు.

ఇనుము అలిసిపోతుంది

1842 మే నెలలో వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న ఒక రైలు ఇంజిన్ ఇరుసు విరిగి, పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మంటలంటుకుని యాభై మందికి పైగా చనిపోయారు. చక్కగా నడుస్తున్న ఇరుసు, రోజూ మోసే బరువే మోస్తూ ఎందుకు విరిగిందన్నది ఆ కాలపు ఇంజినీర్లను వేధించింది. ఆ తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజినీరు ఏళ్ల తరబడి ఇరుసులను పదేపదే వంచుతూ పరీక్షించి, విరిచే బరువు కంటే చాలా తక్కువ బరువైనా లక్షల సార్లు పడితే ఉక్కులో పగులు పుట్టి పెరుగుతుందని చూపించాడు. పగులు కంటికి కనిపించనంత సన్నగా మొదలవుతుంది. చివరిరోజు దాకా ఆ ముక్క తన పని తాను చేస్తూనే ఉంటుంది.

మీ కారు స్టీరింగ్ ఆర్మ్, స్టబ్ యాక్సిల్, టై రాడ్ ఈ కోవలోవే. ఇవి పోత ఇనుము కావు. కాల్చి, సాగగొట్టి, లెక్క ప్రకారం చల్లార్చిన ఉక్కు. గుంటలో పడి ఆర్మ్ వంగిందనుకోండి, గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి సుత్తితో సరిచేస్తే ఆకారం తిరిగి వస్తుంది, ఆ లెక్క ప్రకారం చల్లార్చగా వచ్చిన బలం తిరిగి రాదు. వంగిన స్టీరింగ్ ముక్కను నేను ఎప్పుడూ మార్చమనే చెబుతాను. పాత బండ్ల నుంచి తీసిన సామాను కొనాల్సి వస్తే (కలకత్తా మల్లిక్ బజార్, మద్రాసు పుదుపేట లాంటి చోట్ల వెతుక్కోక తప్పని రోజులివి), బిగించే ముందు డై పెనిట్రంట్ పరీక్ష చేయించండి. ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లుతారు. పగులుంటే తెల్లని పొడి మీద వెంట్రుకలాంటి ఎర్రగీత తేలుతుంది. హైదరాబాద్ బాలానగర్ లాంటి పారిశ్రామిక వాడల్లో దీన్ని చేసేవాళ్లను వెతికి పట్టుకోవచ్చు. ఆ గీత తేలడం నేను ఒకసారి చూశాను. నిమిషం కిందట ఆ ముక్క నా చేతిలో బరువుగా, నిండుగా, నమ్మకంగా ఉంది.

బాల్ జాయింట్ వదులైతే పైన సుత్తితో కొట్టి కప్పును బిగించి ఇచ్చేవాళ్లున్నారు. ఆట తగ్గినట్టే ఉంటుంది. అరిగిన బాల్ అరిగినట్టే ఉంటుంది. మార్చండి. విప్పిన ప్రతి కాటర్ పిన్నూ కొత్తది వేయండి, పాతదాన్ని సాపు చేసి మళ్లీ గుచ్చనివ్వకండి. అంబాసిడర్‌కు దూరపు చుట్టమైన మోరిస్ మైనర్‌లో, గ్రీజు లేక అరిగిన ట్రన్నియన్ ఊడి ముందు చక్రం కారు కిందికి మడత పడటం దాని యజమానులందరికీ తెలిసిన కథ. అక్కడ రిపేరూ కాదు, మార్చడమూ కాదు, వేళకు గ్రీజు కొట్టడమే మందు.

వీటికి పూర్తిగా ఎదురు కేసు ఒకటుంది. అంబాసిడర్‌కు లారీలా విడి ఛాసిస్ లేదు. బాడీయే ఛాసిస్. కమాన్ కట్ట వెనక షాకిల్ తగిలే చోటో, టార్షన్ బార్ ఆనే చోటో తుప్పు తింటే మార్చడానికి విడి ముక్క ఉండదు, రిపేరే దిక్కు. అయితే ఆ రిపేరు మంచి రేకు కనిపించే దాకా కోసి, అదే మందం రేకు పెట్టి, చుట్టూ వెల్డింగ్ చేసేది కావాలి. తుప్పు మీద రేకు పరిచి నాలుగు చుక్కలు పెట్టి, పుట్టీ పూసి, నల్లరంగు కొట్టేది కాకూడదు. రంగు కొట్టక ముందే ఫొటో తీయమనండి. మీరే వెళ్లి చూస్తే ఇంకా మంచిది.

కొత్తది అంటే కొత్తదేనా

2014లో ఉత్తర్‌పారా కార్ఖానా అంబాసిడర్ తయారీ ఆపేసింది. ఇప్పుడు దొరికే సామాను మూడు రకాలు: చిన్న తయారీదార్లు చేస్తున్నది, పాత స్టాకు, పాత బండ్లది. పాత స్టాకు చూస్తే మనకు ఆశ పుడుతుంది. కంపెనీ పెట్టె, కంపెనీ ముద్ర, ఎవరూ విప్పని ప్యాకెట్. ఇనుప ముక్క అయితే సంతోషంగా కొనుక్కోండి. రబ్బరు అయితే వద్దు. 1995లో చేసిన హోస్ బండికి ఎక్కకపోయినా అలమరలోనే ముసలిదైపోయింది.

ఈ మధ్య చేసిన వాటిలో మంచివీ ఉన్నాయి, బరువు చూడగానే పెట్టెలో పెట్టేయాల్సినవీ ఉన్నాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తూకం వేయండి. వెర్నియర్‌తో కొలవండి. కొత్త డ్రమ్ము పాతదానికంటే తేలిగ్గా ఉంటే ఎక్కడో లోహం తగ్గిందన్నమాట. హద్దులో ఉన్న పాత డ్రమ్మును పట్టించుకుని వాడుకోవడం అప్పుడు తెలివైన పని. మార్చడమంటే కళ్లు మూసుకుని కొనడం కాదు గదా.

టైర్ల సంగతి త్వరగా చెబుతాను. పక్కగోడ మీద నాలుగంకెలుంటాయి. 3518 అంటే 2018లో 35వ వారం. పాత బండి టైర్లు అరిగి పోవు, వయసుతో పోతాయి. గాళ్లు నిండుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరు మీద పిల్లల్ని ఎక్కించుకుని హైవే ఎక్కకండి. స్టెప్నీ వయసూ చూడండి. ప్రమాదంలో ఒకసారి గుంజుకున్న సీట్ బెల్ట్, ఎండకు పీచు లేచిన సీట్ బెల్ట్ రెండూ కుట్టించేవి కావు.

ఒరిజినాలిటీ పోతుందన్న బెంగ చాలామందికి ఉంది, నాకూ ఉండేది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్ల రిజిస్ట్రేషన్‌కు నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ నియమం పేరుపెట్టి వద్దన్నది ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో మార్పులు. బ్రేక్ హోస్ కొత్తది వేస్తే బండి అసలు రూపం పోదు. నా మార్క్ 3 కి 2027లో యాభై నిండుతాయి. అప్పుడు ఆ నంబరు తీసుకోవాలని ఉంది. తీసిన పాత ముక్కలన్నీ తారీకు చీటీ కట్టి రేకు పెట్టెలో దాచుకుంటున్నాను. చరిత్ర ఆ పెట్టెలో భద్రంగా ఉంటుంది, చక్రాల దగ్గర ఉండనక్కర్లేదు.

మేస్త్రితో మాట

మనం అతుకు ఎందుకు కోరుకుంటామో మన మనసుకు మనం చెప్పుకోవాలి. "లక్ష రూపాయల బండికి ఇరవై వేలు బ్రేకులకా?" అనే లెక్క నేనూ వేశాను. ఆ లెక్కలో బండి ధర ఉంది, లోపల కూర్చునేవాళ్లు లేరు. ఇంకొకటి నాన్న జ్ఞాపకం. ఆయన చేయి తగిలిన ప్రతి ముక్కా ఉంచుకోవాలనిపిస్తుంది. స్టీరింగ్ చక్రం ఉంచుకున్నాను, హారన్ బటన్ ఉంచుకున్నాను, ఆయన కాలికి అరిగిన పెడల్ రబ్బరు కూడా ఉంది. పెడల్ నుంచి చక్రం దాకా మధ్యలో ఉన్నవి మాత్రం మారిపోయాయి.

మేస్త్రిని ఇరకాటంలో పెట్టేది చాలాసార్లు మనమే. రేపు పొద్దున తిరుపతి ప్రయాణం పెట్టుకుని ఈ రాత్రి బండి తెస్తాం. ఎంతవుతుందని ముందే బేరం ఆడతాం. ఆయన అతుకు వేసి పంపక ఏం చేస్తారు? వారం ముందు తీసుకెళ్లండి. విప్పి చూసినందుకే కూలి ఇస్తానని ముందే చెప్పండి, ఏ సామాను మార్చినా మార్చకపోయినా. అప్పుడు ఆయన నిజం చెప్పడానికి అడ్డం ఉండదు. "బాబాయ్, ఇది పోతే ఎలా పోతుంది?" అని అడగండి. ఆ ప్రశ్నకు మంచి మేస్త్రి ముఖం వెలుగుతుంది. చేతిలో పని ఆపి, ముక్క తీసి చూపించి మరీ చెబుతారు. "ఏం కాదులే" అని మాత్రమే జవాబు వస్తే ఇంకో షెడ్డు చూసుకోండి. తీసిన పాత సామాను తిరిగి ఇమ్మని అడగండి. అనుమానం కొద్దీ కాదు, మీరూ చూసి నేర్చుకోవడానికి.

బ్రేక్ పని అయ్యాక ఇంటికి నడుపుకుంటూ రావద్దు, ముందు షెడ్డు ఆవరణలోనే పరీక్షించండి. ఇంజిన్ ఆన్ చేయకుండానే పెడల్ తొక్కి నిమిషంసేపు అలాగే పట్టుకోండి. నెమ్మదిగా కిందికి జారుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలే ఆయిల్ దాటిపోతోంది. స్పంజిలా మెత్తగా ఉంటే గాలి మిగిలింది, మళ్లీ బ్లీడింగ్ చేయించండి. తర్వాత ఖాళీ స్థలంలో ఇరవై కిలోమీటర్ల వేగంతో పదిసార్లు ఆపి చూడండి. బండి తిన్నగా ఆగాలి. దిగి నాలుగు చక్రాల దగ్గరా, చేయి తగలనివ్వకుండా దగ్గరగా ఉంచి వేడి చూడండి. ఒక చక్రం మిగతావాటికంటే వేడిగా ఉంటే అది పట్టుకునే ఉంది.

రాత్రి బండి పెట్టేటప్పుడు నాలుగు చక్రాల కిందా, ఇంజిన్ కిందా పాత న్యూస్‌పేపరు పరుస్తాను. పొద్దున్నే కాఫీ తాగకముందే టార్చి పట్టుకుని వంగి చూస్తాను. బ్రేక్ ఆయిల్ చుక్క పడితే కాగితం మీద అంచు తేలిన తడి మచ్చ కనిపిస్తుంది. మొన్న హోస్‌లు మార్పించిన మర్నాడు మా అమ్మ కూడా వరండాలోకి వచ్చి నిలబడింది. "ఏమైనా ఉందిరా?" అని అడిగింది. అయిదు కాగితాలూ ఒక్కొక్కటే తీసి ఆవిడకి చూపించాను. పొడిగా ఉన్నాయి. చీర మార్చుకుని వస్తానని లోపలికి వెళ్లింది.